తొమ్మిది నెలలు, నలభై నిమిషాలు: ఒక శాఖా గ్రంథాలయం పాడ్‌కాస్ట్ డైరీ

గుంటూరు జిల్లాలోని ఒక మండల కేంద్రంలో శాఖా గ్రంథాలయాన్ని చూసుకునే ఉద్యోగం నాది. గ్రంథాలయం ఉదయం మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరిచి ఉంటుంది; తలుపులు మూసి ఉండే మధ్యాహ్నాలలోను, సెలవు రోజులలోను ఈ పని జరిగింది. చుట్టుపక్కల వినబడే పక్షులు, కప్పలు, బల్లుల గొంతులతో చిన్న శ్రవ్య భాగాలు తయారుచేసి, విన్నవారిని జంతుశాస్త్రం అర దగ్గరకు రప్పించడం ఉద్దేశం. పుస్తకాలకు విషయాన్ని బట్టి సంఖ్యలిచ్చే డ్యూయీ వర్గీకరణలో ఆ అర 590తో మొదలవుతుంది. అందులో పక్షులు 598, కప్పలు 597.8. మా దగ్గర ఆ అరలో 47 పుస్తకాలున్నాయి. నిరుడు మార్చి నుంచి ఆగస్టు వరకు ఇష్యూ రిజిస్టరు చూస్తే వాటిలో ఇంటికి వెళ్లినవి 11. పోల్చుకోవడానికి ఆ సంఖ్యను ముందే ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఖర్చంతా నా సొంతం. కొలతలు మా గదివి, మా ఫోనువి కాబట్టి ఇంకొకచోట మారతాయి. కొలిచిన పద్ధతి మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

దశ 1: గది (డిసెంబరు)

పఠన మందిరంలోనే రికార్డు చేయవచ్చునని అనుకోవడం మొదటి పొరపాటు. పాఠకులు వెళ్లిపోయాక అది నిశ్శబ్దంగా ఉన్నట్టే చెవికి తోచింది గాని, శబ్దాలు ఎడిట్ చేసే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో తెరిచి చూస్తే నా మాట వెనుక ఒక మందపాటి హోరు గీత పొడవునా కనబడింది. అప్పటి నుంచి మాట్లాడే ముందు ఎవరూ నోరు మెదపకుండా 30 సెకన్లు రికార్డు చేసి, ఆ నిశ్శబ్దం ఎంత మట్టంలో ఉందో రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఇక్కడ సున్నా గరిష్ఠం. మైనస్ సంఖ్య పెద్దదయ్యే కొద్దీ గది నిశ్శబ్దమని అర్థం.

1. పఠన మందిరం, రెండు ఫ్యాన్లు తిరుగుతుండగా: మైనస్ 38 డెసిబెల్స్.
2. ఫ్యాన్లు ఆపి, ట్యూబులైట్లు ఉంచితే: మైనస్ 46.
3. ట్యూబులైట్లు కూడా ఆపితే: మైనస్ 50.
4. వెనుక గదిలో, పాత పత్రికల సంపుటాలున్న ర్యాకుల మధ్య, తలుపు వేస్తే: మైనస్ 58.

రెండో కొలతకూ మూడో కొలతకూ నడుమ ఉన్న తేడా పాత చోకుల వల్ల వచ్చినది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కావడంతో చోకు దానికి రెట్టింపైన 100 హెర్ట్జ్ దగ్గర గుయ్యిమంటుంది. మగవారి గొంతు అడుగు స్థాయికి అది దగ్గరగా ఉంటుంది కాబట్టి, తరువాత వడగట్టబోతే మాట కూడా పలచబడుతుంది. లైటు ఆర్పి, టార్చి వెలుగులో చదవడమే సులువైన మార్గం. నాలుగో కొలత మాత్రం నేను ఊహించనిది. ఎగుడుదిగుడుగా పేర్చిన బైండు పుస్తకాలు ధ్వనిని చెదరగొడతాయి, కాగితం కొంత పీల్చుకుంటుంది. డబ్బు పెట్టి గోడలకు స్పాంజి అంటించుకునే వారికి దొరికేది, ఎవరూ అడగని పాత సంపుటాల వల్ల మాకు ఉచితంగా దొరికింది. బల్ల మీద మడిచిన దుప్పటి వేయడంతో చెక్క నుంచి తిరిగి కొట్టే ప్రతిధ్వని కూడా తగ్గింది.

850 రూపాయల కాలరు మైకును మొదట చొక్కా పైగుండీ దగ్గర పెట్టుకుంటే ప, భ అక్షరాలు పలికినప్పుడల్లా ఊపిరి తగిలి దబ్బుమన్నాయి. నోటికి సూటిగా కాక ఒక పక్కగా, జానెడు కిందికి మార్చాను.

ఇప్పటివరకు: ఖర్చు 850 రూపాయలు, పని 9 గంటలు, విడుదలైన భాగాలు 0.

దశ 2: మూగపక్షితో మొదలుపెట్టడం (జనవరి)

మొదటి భాగానికి ఉప్పలపాడు గూడబాతులను ఎంచుకున్నాను. గుంటూరు పక్కనే ఉన్న ఆ చెరువుల్లోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గుంపులుగా గూళ్లు కడతాయి. జిల్లాలో అందరికీ తెలిసిన చోటు, ఫొటోలకు పేరున్న చోటు. ఫొటోలకు పేరున్న చోటు మైకుకు పనికిరావాలని లేదన్న సంగతి నాకు రెండు ప్రయాణాల తరువాత గాని తట్టలేదు.

ఎదిగిన గూడబాతులు దాదాపు మూగవే. గూటి దగ్గర గుర్రుమంటాయి, ముక్కు టపటపలాడిస్తాయి, అంతే. ఎర్రకాళ్ల కొంగలు కూడా గొంతుతో పలికేది బహు తక్కువ. ముక్కు పైభాగాన్నీ కిందిభాగాన్నీ తాళంలా కొట్టుకుంటాయి. ఆ రోజు చప్పుడు చేసినవి ఆకలేసిన పిల్లలు, దారిన పోయే బైకులు, ఫొటోలు దిగడానికి వచ్చిన మనుషులు. రెండు రోజుల్లో 96 నిమిషాలు రికార్డు చేస్తే, పక్షి అని చెప్పి వినిపించదగినది నాలుగు నిమిషాలు కూడా లేదు.

పైగా ఫోను నన్ను మోసం చేసింది. మనిషి గొంతును స్పష్టం చేయడానికి ఫోనులో ఉన్న ఏర్పాటు, ఆగకుండా వినబడే దూరపు శబ్దాన్ని అనవసరపు రొదగా లెక్కగట్టి నొక్కేస్తుంది; అందువల్ల పిల్లల అరుపులు నీళ్లలో మునిగి తేలినట్టు వినబడ్డాయి. దగ్గరలో ఏదైనా గట్టిగా మోగితే మొత్తం మట్టం తనంతట తానే పడిపోయి, మళ్లీ నెమ్మదిగా లేచింది. ఈ రెంటినీ ఆపే సెట్టింగు నా ఫోనులో లేదు.

అయినా శ్రమ వృథా చేయడం ఇష్టం లేక 22 నిమిషాల భాగం ఒకటి తయారుచేసి, రోజూ వచ్చే ఆరుగురు పాఠకులకు వినిపించి, ఎవరు ఎక్కడ ఆపారో చెప్పమన్నాను. నలుగురు అయిదో నిమిషం దాటలేదు. చివరిదాకా విన్న ఇద్దరిలో ఒకరు విశ్రాంత ఉపాధ్యాయులు. ఆయన ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, "అమ్మాయ్, దీంట్లో నువ్వు చదువుతున్నావు, చెప్పడం లేదు. నాలుగు నిమిషాలు గడిచాక గాని పిట్ట రాలేదు" అన్నారు.

ఆ రాత్రి నేను ఇష్టంగా వినే వన్యప్రాణి శాస్త్ర కార్యక్రమాలను పెన్ను పట్టుకుని మళ్లీ విన్నాను. అవి మొదలయ్యేది ఉపోద్ఘాతంతో కాదు, శబ్దంతో. వినేవాడు తనలో తాను ఒక ఊహ చేసుకునేంతవరకు చెప్పేవారు నోరు విప్పరు. ఆ తరువాత వచ్చే శాస్త్రం ఆ ఊహను నిలబెట్టేదో కూలదోసేదో అవుతుంది. గ్రంథాలయానికి ఇది ఇంకా బాగా నప్పుతుంది, ఎందుకంటే ఊహను సరిచూసుకునే పుస్తకం పది అడుగుల దూరంలోనే ఉంటుంది. ఉప్పలపాడు భాగాన్ని రద్దు చేసి, ఈ చట్రం రాసుకున్నాను.

1. శబ్దం ఒక్కటే, 20 సెకన్లు.
2. ఒక ప్రశ్న, ఒకే ఒక్క వాక్యంలో.
3. ఎనిమిది సెకన్ల ఖాళీ.
4. సమాధానం, దానికి ఆధారం.
5. అదే శబ్దం మళ్లీ, ఈసారి ఏది ఎక్కడ వినాలో చెప్పి.
6. చివర ఇంకొక ప్రశ్న. దీని సమాధానం మాత్రం అరలోని పుస్తకంలో.
7. మొత్తం నిడివి పది నిమిషాల లోపు.

మూడో మెట్టు దగ్గర నాకు చాలా కష్టమైంది. ఎనిమిది సెకన్లు మాట్లాడకుండా ఉండడం ఎడిటింగులో తప్పు చేసినట్టే అనిపిస్తుంది. రెండుసార్లు దాన్ని మూడు సెకన్లకు కుదించి, రెండుసార్లూ తిరిగి పెంచాను.

ఇప్పటివరకు: ఖర్చు 1,210 రూపాయలు, పని 30 గంటలు, బయటి రికార్డింగు 96 నిమిషాలు, విడుదల 0, రద్దు 1.

దశ 3: కోయిల, లైసెన్సు, రిజిస్టరు (ఫిబ్రవరి–మార్చి)

మట్టాన్ని చేత్తో బిగించి పెట్టుకోగలిగే చేతి రికార్డరును 5,200 రూపాయలకు, ఒకరు వాడినదే, కొన్నాను. గాలి హోరుకు అమ్మే బొచ్చు తొడుగు ధర చూసి, 120 రూపాయల బొచ్చు బొమ్మను కోసి కుట్టుకున్నాను. డాబా మీద గాలి వీస్తున్న రోజున తొడుగు లేకుండా వినబడ్డ దబదబలు తొడుగుతో దాదాపు పోయాయి.

ఉగాది ముందు వారాలు కావడంతో కోయిలకు వెతుక్కోనక్కరలేదు. గ్రంథాలయం వెనుక వేపచెట్టు మీద తెల్లవారుజామున అయిదున్నరకే మొదలుపెట్టేది. ప్రశ్న కూడా అక్కడే దొరికింది. మనం కోకిలమ్మ పాడిందంటాం. ఆ పాడేది ఆడదా, మగదా? కూ అంటూ పెరుగుతూ పోయే పాట నల్లటి మగ కోయిలది. ఒళ్లంతా చుక్కలున్న ఆడ కోయిల కిక్ కిక్ మని గబగబా అరుస్తుంది, కాకి గూట్లో గుడ్డు పెట్టి పారిపోయేది అదే. మగదాని పాట నాకు పుష్కలంగా దొరికింది, ఆడదాని అరుపు అయిదు ఉదయాలు కాచినా దొరకలేదు.

దాని కోసం జెనో-కాంటోకు వెళ్లాను. 2005లో మొదలైన ఆ సైటులో ప్రపంచమంతటి నుంచి పక్షి ప్రియులు పెట్టిన రికార్డింగులున్నాయి, ప్రతిదానికీ ఇతరులు ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉంటుంది. అన్ని లైసెన్సులూ ఒకటి కావని చదవకుండానే ఒక దాని నుంచి ఎనిమిది సెకన్లు కత్తిరించి నా మాటల మధ్య అతికించేశాను. తరువాత చూస్తే, మార్పులు చేయకూడదన్న షరతు దానికి ఉంది. ఆ ముక్క తీసేసి, మార్పులకు అనుమతి ఉన్న ఇంకొకటి వెతికి, రికార్డు చేసినవారి పేరును భాగం చివర పలికి, అదే లైసెన్సును నా భాగానికీ ఇచ్చాను. ఈ పొరపాటు ఖరీదు ఒక పూర్తి మధ్యాహ్నం.

పుస్తకాల విషయంలోనూ అలాగే ఆగవలసి వచ్చింది. అరలోని ఒక తెలుగు పుస్తకం నుంచి కోయిల అధ్యాయాన్ని పూర్తిగా చదివి వినిపించాలనుకున్నాను. మన చట్టం ప్రకారం కాపీరైటు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది; ఆ రచయిత పోయి అంతకాలం కాలేదు. కాబట్టి పుస్తకం పేరు, వర్గ సంఖ్య, అర ఎక్కడుందో మాత్రమే చెప్పాను. నిజానికి అదే మేలయింది. అధ్యాయం మొత్తం వినేసినవారు పుస్తకం కోసం వస్తారన్న నమ్మకం నాకు లేదు.

ఈ దశలో అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది రిజిస్టరు. జనవరి రికార్డింగులను మళ్లీ తెరిస్తే ఏది ఏ చెరువు దగ్గర, ఏ వేళ పట్టినదో నాకే తెలియలేదు. 96 నిమిషాలూ చెరిపేశాను. వన్యప్రాణి శబ్దాలు పట్టేవారు ప్రతి రికార్డింగు చివర తమ గొంతుతోనే వివరాలు చెబుతారు. కొత్త పుస్తకం వస్తే రిజిస్టరులో ఎక్కించి దాని వరుస సంఖ్య (పరిగ్రహణ సంఖ్య) వేయకుండా అరలో పెట్టని నేను, శబ్దం దగ్గరకు వచ్చేసరికి ఆ పద్ధతి ఎందుకు మరిచిపోయానో చెప్పలేను. 1889లో జర్మనీలో లుడ్విగ్ కోఖ్ అనే ఎనిమిదేళ్ల పిల్లవాడు ఎడిసన్ యంత్రపు మైనపు గొట్టం మీద, పంజరంలోని షామా పిట్ట పాటను పట్టాడు. మన అడవుల్లోనూ బతికే ఆ షామా పాటే, ఇప్పటికి తెలిసినంతవరకు, ప్రపంచంలో మొదటి పక్షి రికార్డింగు. ఎవరు, ఏది, ఎప్పుడు అన్న మూడు ముక్కలు దానితో పాటు నిలవకపోయి ఉంటే అది ఒక గరగరమనే గొట్టంగా మిగిలేది.

కొత్త రిజిస్టరు తెరిచి, ప్రతి శబ్దానికీ శ/1 నుంచి సంఖ్య వేయడం మొదలుపెట్టాను. రికార్డరు ఆపే ముందు పలకవలసినవి ఇవి.

1. తేదీ, వేళ.
2. చోటు, ఎవరైనా మళ్లీ వెళ్లి నిలబడగలిగేంత స్పష్టంగా.
3. వాతావరణం: గాలి, వాన, మబ్బు.
4. అడుగుల్లో దూరం.
5. ప్రాణిని కళ్లతో చూశానా, విన్నానా మాత్రమేనా.

ఇప్పటివరకు: ఖర్చు 6,530 రూపాయలు, పని 56 గంటలు, బయటి రికార్డింగు 170 నిమిషాలు, అందులో చెరిపినవి 96, విడుదల 1, నిడివి 9 నిమిషాల 10 సెకన్లు.

దశ 4: తీతువు, బల్లి (ఏప్రిల్–మే)

రాత్రి తీతువు అరిస్తే కీడని మా వైపు ఇప్పటికీ అనుకుంటారు. అది రాత్రిపూట ఎందుకు అరుస్తుందన్నదే రెండో భాగం ప్రశ్న. ఊరి బయట కోతైపోయిన చేలో జంట ఒకటి కనబడింది. రికార్డరు పట్టుకుని నిలబడగానే నా తల మీదుగా తిరుగుతూ ఆగకుండా అరవసాగింది. ఆడ కోయిల అరుపు కోసం అయిదు ఉదయాలు కాచిన నాకు అది పండగే. ఇరవై నిమిషాలు అలాగే నిలబడ్డాను. గట్టు మీద వెళుతున్న ఒక పెద్దాయన ఆగి, "ఏమ్మా, అక్కడెక్కడో గుడ్లుంటాయి. నువ్వు నిలబడినంతసేపూ అది అరుస్తూనే ఉంటది. ఈ ఎండకి గుడ్లు మాడిపోవా?" అన్నాడు.

తీతువు గూడు కట్టదు. నేల మీద చిన్న గుంటలో, రాళ్ల మధ్య రాళ్లలా కనబడే గుడ్లు పెడుతుంది; ఎండ ముదిరితే నీడ పడుతుంది, కడుపు ఈకలు తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. నాకు అంత మంచి రికార్డింగు దొరకడానికి కారణం నేను చేస్తున్న హాని. ఆ 20 నిమిషాలనూ రిజిస్టరులో నమోదు చేశాను గాని, ఎదురుగా "వాడకూడదు, కలతపెట్టి పట్టినది" అని రాశాను. మరునాడు సాయంత్రం 60 అడుగుల దూరంలో, గట్టు చాటున రికార్డరును వదిలి వచ్చేశాను. దాదాపు నలభై నిమిషాల తరువాత తీసి చూస్తే, ఒక కుక్క అటు పోయినప్పుడు అరిచిన అరుపు అందులో ఉంది. అదే సమాధానం కూడా: నేల మీద గుడ్లున్న పక్షికి రాత్రి కూడా కాపలా తప్పదు, కుక్కో, నక్కో, చీకట్లో నడిచే మనిషో అటుగా వస్తే అరుస్తుంది. వేళగాని వేళ బయట తిరిగేవారు దాన్ని వింటారు కాబట్టి, కీడుకూ దానికీ ముడి పడి ఉంటుంది. ఈ చివరి వాక్యం నా ఊహ అని భాగంలోనే చెప్పాను.

దూరం నుంచి పట్టడంతో అరుపు సన్నబడింది, వెనుక హోరు పెరిగింది. దూరం రెట్టింపైతే ఆరుబయట శబ్దం ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. ఆడాసిటీలో హోరు తగ్గించే పనిముట్టును 18 డెసిబెల్స్‌కు పెడితే తీతువు డబ్బాలోంచి అరిచినట్టయింది. ఆరుకు దించి, 300 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేస్తే సరిపోయింది. తీతువు గొంతు దానికి చాలా పైన ఉంటుంది. కొంచెం హోరు మిగిలింది, ఉండనిచ్చాను.

మూడో భాగం అనుకోకుండా వచ్చింది. వెనుక గదిలో తీతువు భాగానికి మాట రికార్డు చేస్తుంటే బల్లి ఒకటి మూడుసార్లు అడ్డుపడింది. మూడోసారి చిరాకుపడి ఆపితే, బయట పేపరు సర్దుతున్న మా సహాయకురాలు "సత్యం, మేడమ్" అంది. మాట మధ్యలో బల్లి పలికితే ఆ మాట నిజమని మన వాళ్లు అంటారు గదా. బల్లి ఎవరితో మాట్లాడుతోందన్నదే ప్రశ్నగా, ఆ చెడిపోయిన రికార్డింగులే సరుకుగా, ఆరు నిమిషాల పది సెకన్ల భాగం ఒక్క రోజులో తయారైంది. బల్లి పలుకు తన చోటు తనదని ఇంకో బల్లికి చెప్పుకోవడానికి, జత కోసం. మన మాటలతో దానికి పనిలేదు. బయటికి ఒక్క అడుగు వేయకుండా చేసిన ఈ భాగానికే అన్నిటికన్నా ఎక్కువమంది స్పందించారు. నేను అంతగా కష్టపడ్డ కోయిలకు దక్కని ఆదరణ అది, కొంచెం ఉడుకుమోత్తనం వచ్చిన మాట నిజం.

ఇప్పటివరకు: ఖర్చు 6,670 రూపాయలు, పెరిగింది బ్యాటరీలకు, పని 75 గంటలు, బయటి రికార్డింగు 228 నిమిషాలు, విడుదల 3, మొత్తం 24 నిమిషాలు.

దశ 5: చేర్చడం (జూన్)

పాడ్‌కాస్ట్ అంటే నిజానికి ఫైలు కాదు, ఫీడ్. కొత్త భాగం వచ్చినప్పుడు చందాదారుడి ఫోనుకు తనంతట తానే చేరే ఏర్పాటు అది. ఉచిత సేవ ఒకదానిలో ఫీడ్ పెట్టాను. నెల తరువాత చూస్తే భాగానికి 19 డౌన్‌లోడ్లు. వాటిలో నేను పరీక్షకు నొక్కినవి ఎన్నో. మా పాఠకులలో పాడ్‌కాస్ట్ ఆప్ వాడేవారు ఇద్దరే. 212 మంది ఉన్న మా వాట్సాప్ గ్రూపులో పెడితే చూసినట్టు గుర్తులు బోలెడు కనబడ్డాయి గాని, చూడడం వినడం కాదు. అందుకే భాగం చివరి నిమిషంలో అడిగే ప్రశ్నకు వచ్చిన జవాబులనే లెక్కపెట్టాను: కోయిలకు 17, తీతువుకు 23, బల్లికి 41.

ఫైలు పరిమాణం గురించి ఒక మాట. 9 నిమిషాల 10 సెకన్ల కోయిల భాగం కుదించకుండా 48 ఎంబీ పైచిలుకు; 128 కేబీపీఎస్ (సెకనుకు అన్ని కిలోబిట్లు) ఎంపీ3గా 8.8 ఎంబీ, 64 కేబీపీఎస్, ఒకే చానెల్‌గా 4.4 ఎంబీ. చివరిదే వాడుతున్నాను. 32కు దించి చూస్తే నా మాట బాగానే ఉంది గాని వెనుక కీచురాళ్లు నీరుగారిపోయాయి. శబ్ద మట్టాన్ని, చెవికి ఎంత గట్టిగా తోస్తుందో కొలిచే ఎల్‌యూఎఫ్‌ఎస్ లెక్కలో ఒకే చానెల్‌కు చెప్పే మైనస్ 19కి సరిచేశాను.

అసలు దారి మాత్రం నేను వేసినది కాదు. చూపు తగ్గి పేపరు చదవడం మానేసిన ఒక దర్జీ, మా పాత పాఠకుడు, బటన్ల ఫోను తెచ్చి, "నా చిప్పులో ఎక్కిస్తావా అమ్మా" అని అడిగాడు. సినిమా పాటలు సెల్ షాపులో ఎక్కించుకున్నట్టే. 150 రూపాయల కార్డు రీడరు కొని, వచ్చినవారికి ఎక్కించసాగాను. అప్పుడు రెండు సంగతులు తెలిశాయి. తెలుగులో పెట్టిన ఫైలు పేర్లు ఆ ఫోన్లలో డబ్బాలుగా కనబడ్డాయి, అంకెల పేర్లు పెట్టాను. అంకె ఒక్కటే ఉంటే ఏది ఏదో తెలియదు కాబట్టి, ప్రతి భాగం మొదటి శబ్దం ముందు "మూడు, బల్లి" అని రెండు మాటలు చేర్చాను. నా చట్రంలో శబ్దమే మొదట రావాలన్న నియమం అక్కడ సడలింది; ప్రాణి పేరు ముందే చెప్పేస్తే ఊహించే పని పోతుందని గమనించి, తరువాతి వారం "మూడు" మాత్రమే ఉంచి, పేర్ల పట్టికను పెద్ద అక్షరాలతో అచ్చువేయించి గోడకు అంటించాను. ఆగస్టు చివరికి 26 మంది చిప్పులు తెచ్చారు.

1935లో ఈ జిల్లాలోనే కొల్లిపరకూ పెదవడ్లపూడికీ మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిచింది. ఏ దారిలో జనం పోతుంటే ఆ దారిలోకి పుస్తకాన్ని దింపిన ఊళ్లు మావి. ఫీడ్‌ను మూసేయలేదు, వేరే గ్రంథాలయాలకు పనికొస్తుందని ఉంచాను. మా ఊరికి మాత్రం చిప్పే కాలువ.

ప్రతి భాగం పూర్తి పాఠాన్ని అచ్చు తీసి, ఫైలు కట్టి బల్ల మీద పెట్టాను, వినబడనివారి కోసం.

ఇప్పటివరకు: ఖర్చు 6,910 రూపాయలు, పని 86 గంటలు, విడుదల 3.

దశ 6: కప్పలు, వినిపించని కలివికోడి (జూలై–ఆగస్టు)

జూలైలో పెద్ద వాన పడిన రాత్రి బావురుకప్పల కోసం రైలుకట్ట పక్క గుంట దగ్గరికి మా అబ్బాయిని తోడు తీసుకుని వెళ్లాను. జత కట్టే వేళ మగకప్పలు పసుపు పచ్చగా మారి, దవడల కింద రెండు నీలి తిత్తులను పూరించి అరుస్తాయి. టార్చి వెలుగులో ఆ రంగులు చూస్తూ రికార్డరు మట్టాన్ని చూడడం మరిచిపోయాను. తీతువు కోసం పెంచి పెట్టిన 7 అంకె మీదే అది ఉంది. రెండు మీటర్ల దూరంలో అంతటి గొంతు. శబ్దం రికార్డరు పట్టగల గరిష్ఠాన్ని దాటడంతో 41 నిమిషాలలో ప్రతి అరుపు తల తెగిపోయింది. హోరును తగ్గించవచ్చు, సన్నని శబ్దాన్ని పెంచవచ్చు, తల తెగిన శబ్దాన్ని మాత్రం ఏ పనిముట్టూ తిరిగి అతకలేదు.

మరునాడు వెళితే గుంట నిశ్శబ్దం. ఈ కప్పల సందడి పెద్ద వాన వెంట కొద్ది రాత్రులే. పదమూడు రోజులు మరో వాన కోసం కాచాను. ఈసారి చేసినవి:

1. మట్టం 3కు దించి, గట్టి అరుపు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకున్నాను.
2. రెండు మీటర్ల నుంచి ఎనిమిది మీటర్లకు జరిగాను. రెండుసార్లు రెట్టింపు కాబట్టి 12 డెసిబెల్స్ తగ్గింది.
3. పది సెకన్లు పట్టి, ఇయర్‌ఫోన్లతో విని, అప్పుడు అసలు రికార్డింగు మొదలుపెట్టాను.

ఎడిటింగులో మళ్లీ పాత అలవాటు అడ్డుపడింది. తీతువుకు పెట్టిన 300 హెర్ట్జ్ కోతనే కప్పలకూ పెడితే గొంతులోని బరువంతా పోయి ఏవో చిన్న కప్పల్లా వినబడ్డాయి. 80కి దించాను. చివర అడిగిన ప్రశ్న: 1987లో మన దేశం కప్ప కాళ్ల ఎగుమతిని ఎందుకు నిషేధించింది? సమాధానం ఉన్న పుస్తకం ఒకే ఒక్క ప్రతి. దాని కోసం ఆ వారం 14 మంది వచ్చారు, మొదటి రోజే ఒకరు ఇంటికి తీసుకెళ్లడంతో 13 మంది ఊరికే తిరిగి వెళ్లారు. శబ్దం మీద ఇంత కొలత పెట్టుకున్న నేను ప్రతుల సంఖ్య చూసుకోలేదు. ఆ తరువాత నుంచి ప్రశ్నలోని పుస్తకాన్ని రెండు వారాలు ఇంటికివ్వకుండా బల్ల మీదే ఉంచుతున్నాం.

అయిదో భాగం కలివికోడి గురించి. 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న ఈ రాత్రి పక్షి 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాని కోసమే లంకమల అభయారణ్యం ఏర్పడింది. పొదల్లో రాత్రి తిరిగే దాన్ని చూడడం కన్నా వినడం తేలిక, అందుకే పరిశోధకులు దాని కూతను వినిపించి జవాబు వస్తుందేమోనని ఆగి వింటారు. శబ్దమే ఆధారమన్న మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. అయితే పరిశోధకుడి చేతిలో ఆధారమైన కూతే చిప్పులో అందరి చేతికీ పోతే, అడవి అంచున దాన్ని మోగించి పిట్టను పిలిచేవారు ఎవరో ఒకరు ఉంటారు. తీతువు దగ్గర నేను చేసిన పని గుర్తుంది. అందువల్ల ఆ భాగంలో కూత పెట్టలేదు. మొదటి 20 సెకన్లు ఖాళీగా ఉంచి, ఇది ఎందుకు ఖాళీయో ఊహించమన్నాను. ఫైలు చెడిపోయిందని తొమ్మిది మంది ఫిర్యాదు చేశారు. ఇప్పుడు ఖాళీకి ముందు "ఆరుబయట, రాత్రి" అన్న మాట చేర్చి, కీచురాళ్ల శబ్దాన్ని సన్నగా ఉంచాను. ఫిర్యాదులు ఆగాయి.

ఇప్పటివరకు: ఖర్చు 7,110 రూపాయలు, పని 108 గంటలు, బయటి రికార్డింగు 311 నిమిషాలు, విడుదల 5, మొత్తం 40 నిమిషాలు.

దశ 7: లెక్క చూడడం (ఆగస్టు 31)

విడుదలైన ఒక్కొక్క నిమిషానికి 2 గంటల 42 నిమిషాల పని, సుమారు 178 రూపాయల ఖర్చు అయ్యాయి. బయట పట్టిన 311 నిమిషాలలో భాగాల్లోకి చేరినవి 6 నిమిషాల 20 సెకన్లు, అంటే నూటికి రెండు పాళ్లు.

మార్చి నుంచి ఆగస్టు వరకు 590ల అర నుంచి ఇంటికి వెళ్లినవి 39. నిరుడు ఇవే నెలల్లో 11. చూడడానికి బాగున్న ఈ అంకెను విప్పితే, 39లో 22 రెండే రెండు పుస్తకాలవి, రెండూ భాగాల్లో పేరు చెప్పినవి. 47 పుస్తకాలలో 31 ఈ ఆరు నెలల్లోనూ కదలలేదు. పేరు పెట్టి పిలిచిన పుస్తకం కదిలింది, పక్కనున్నది కదలలేదు. అందుకని ఆరో భాగం నుంచి ఒక్క పుస్తకం పేరు చెప్పకుండా అర సంఖ్య మాత్రమే చెప్పి, సమాధానం మూడు పుస్తకాలలో ముక్కలుగా దొరికే ప్రశ్న పెట్టబోతున్నాను. ఇది కుదరకపోవచ్చు, వెతకడం విసుగై మానేసేవారు ఎందరో కూడా రాస్తాను.

సెప్టెంబరు 4

పదో తరగతి చదివే పిల్లవాడు ఒకడు తన ఫోను తెచ్చాడు. పశువుల పాక దగ్గర రాత్రి పట్టిన శబ్దం, 50 సెకన్లు, సగం గాలి హోరు. గేదె గొలుసు చప్పుడు వెనుక ఏదో బొంగురుగా మూడుసార్లు పలికింది. చివర వాడి గొంతు: "సెప్టెంబరు మూడు, రాత్రి తొమ్మిదింబావు, మా పాక వెనుక కానుగ చెట్టు, మబ్బుగా ఉంది, ముప్పై అడుగులు ఉంటుంది, చూడలేదండీ, విన్నాను అంతే." రిజిస్టరులో శ/41గా ఎక్కించాను. ప్రాణి పేరు గడిలో ప్రస్తుతానికి "తెలియదు" అని ఉంది. ఈ ఆదివారం ఇద్దరం రికార్డరు తీసుకుని ఆ కానుగ చెట్టు దగ్గరికి వెళుతున్నాం.